అప్పగింతలకు వ్యవధి

తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగి ఏ నెలలో నిర్ణీత వయస్సు పూర్తి చేసుకుంటాడో ఆ నెల చివరి రోజు అపరాహ్ణంతో అతని ఉద్యోగం ముగుస్తుంది. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ ఒకటో తారీఖుగా నమోదై ఉంటే, అంతకు ముందు నెల చివరి రోజే అతనికి ఆఖరి రోజవుతుంది. ఒకటి రెండు తరాల కిందట పల్లెటూరి బడులలో పిల్లలను చేర్చుకునేటప్పుడు ఉపాధ్యాయులు అంచనాగా వేసిన జూన్, జూలై తేదీలే తరువాతి కాలంలో ఎందరికో అధికారికమైన పుట్టినరోజులైపోయాయి గనుక, ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ల ఉద్యోగ జీవితానికి ముగింపు ఏనాడన్నది ఎప్పుడో ఒక పంతులుగారి కలంపోటు నిర్ణయించినట్లే అవుతున్నది. ఉదయం పది గంటలకు హాజరుపట్టీలో సంతకం పెట్టిన మనిషి సాయంత్రానికి శాలువాతో, పూలదండతో, ఆఫీసు జీపులో ఇంటికి చేరుతాడు. మర్నాటి నుంచి అతని కోసం ఎదురుచూసే దస్త్రమూ ఉండదు, అతని మాటకు కార్యాలయంలో చలామణీ ఉండదు. ఆ ఒక్క సాయంత్రాన్ని కొన్ని నెలలకో కొన్ని సంవత్సరాలకో విస్తరించడం సాధ్యమేనా, సాధ్యమైతే ఎవరికి మేలు, ఏ పనిలో అవసరం అన్న ప్రశ్నలను నాగార్జునసాగర్ ఆనకట్ట పక్కన వెలసిన నందికొండ పట్టణాన్ని ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

దశలవారీ విరమణ అంటే, పూర్తికాలం పనిచేస్తున్న వ్యక్తి ఒక్కసారిగా పని మానకుండా, పనిగంటలనో బాధ్యతలనో మొదట కొంత తగ్గించుకొని, తగ్గిన జీతానికి కొంత పింఛనునో పొదుపునో జోడించుకుంటూ, తన స్థానంలోకి రాబోయే మనిషికి పనిని కొంచెం కొంచెంగా అప్పగిస్తూ పూర్తి విశ్రాంతిలోకి చేరడం. ఇందులో సమయానికి, డబ్బుకు సంబంధించిన లెక్కలను అనేక దేశాల ప్రభుత్వాలు శ్రద్ధగానే వేశాయి గాని, అప్పగింతకు సంబంధించిన భాగాన్ని అంత శ్రద్ధగా చూసినవి తక్కువ. నీటిమీద, గేట్లమీద, కాలువకట్టలమీద బతుకుతున్న ప్రాంతంలో మాత్రం ఆ అప్పగింతే అసలు ప్రశ్న.

విరమణకు ఒక వయస్సును గీతగా గీయడం ప్రకృతి సిద్ధమైనదేమీ కాదు. అది ప్రభుత్వాలు చేసిన ఏర్పాటు, ప్రభుత్వాలే పలుమార్లు మార్చిన ఏర్పాటు. జర్మనీలో బిస్మార్క్ కాలంలో, 1889లో వచ్చిన వృద్ధాప్య బీమా చట్టం 70 ఏళ్లను గీతగా పెట్టగా, 1916లో దానిని 65కు దించారు. బ్రిటిష్ ఇండియాలో అలవాటైన 55 ఏళ్ల గీతను స్వతంత్ర భారత కేంద్ర ప్రభుత్వం 1962లో 58కి, 1998లో 60కి జరిపింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 1979లో 55 నుంచి 58కి పెరిగిన వయస్సును 1983 జనవరిలో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం, యువకులకు ఉద్యోగాలు దొరకాలన్న కారణం చూపుతూ తిరిగి 55కు తగ్గించింది. ఆ నిర్ణయం ఫలితంగా అదే ఏడాది ఫిబ్రవరి 28వ తేదీన 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వరంగ సంస్థలకు చెందిన 10,000 మంది ఒకే రోజున ఇంటిదారి పట్టారని సర్వోన్నత న్యాయస్థానపు తీర్పులో నమోదయింది. మూడేళ్ల తరువాత వస్తుందనుకొని కూతురి పెళ్లికీ ఇంటి అప్పుకూ లెక్కలు వేసుకున్న రోజు మూడు వారాలలో వచ్చి పడితే ఏమవుతుందో ఊహించుకోవలసిందే. కె. నాగరాజ్ కేసుగా పేరుపడిన వివాదంలో న్యాయస్థానం 1985 జనవరిలో ప్రభుత్వ నిర్ణయం చెల్లుతుందని చెప్పింది. అయితే అప్పటికే, 1984 ఆగస్టులో, రాష్ట్ర ప్రభుత్వం వయస్సును మళ్లీ 58 చేసి ఉండడం వల్ల, మధ్యలో వెళ్లగొట్టబడి ఇంకా 58 నిండనివారి మాటేమిటన్న ప్రశ్న బి. ప్రభాకరరావు కేసుగా అదే న్యాయస్థానానికి చేరి, వారిని తిరిగి చేర్చుకోవలసిందేనన్న తీర్పుతో ముగిసింది. వెళ్లినవారు తిరిగివచ్చి అవే కుర్చీలలో కూర్చోవడం, ఆ కుర్చీలలోకి పదోన్నతి మీద వచ్చినవారు లేవవలసి రావడం తెలుగునాట ఉద్యోగ చరిత్రలో ఒక విచిత్రమైన అధ్యాయం. ఆకస్మిక విరమణకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ వెతకనక్కరలేదు.

రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ ఆ వయస్సును 2014లో 60కి, 2022లో 62కు పెంచింది. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి పెంచింది. ఈ పెంపు వల్ల మూడేళ్లపాటు తెలంగాణ ప్రభుత్వ కార్యాలయాలలో వయసు మీరి వెళ్లిపోయేవారు దాదాపుగా లేకుండా పోయి, 2024 మార్చి చివరి నుంచి విరమణలు తిరిగి మొదలయ్యాయి. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటల మీద ఏర్పడిన రాష్ట్రంలో, నియామకాల కోసం హైదరాబాదు గదులలో ఏళ్ల తరబడి చదువుతున్న యువకులు ఆ మూడేళ్లను తమ వాటాలోంచి తీసిన మూడేళ్లుగానే లెక్కించడంలో ఆశ్చర్యం లేదు. విరమణ వయస్సును పైకి జరపడం, విరమణను క్రమక్రమంగా జరపడం ఒకటే అన్నట్లు కొందరు మాట్లాడుతుంటారు గాని, మొదటిది గీతను దూరంగా జరుపుతుంది, రెండవది గీతను వాలుగా మారుస్తుంది. గీత ఎంత దూరం జరిగినా అది ఉన్నచోట మెట్టు అంతే ఎత్తున ఉంటుంది.

ఇక నందికొండ విషయం. కృష్ణానది మీద ఆనకట్టకు అనువైన స్థలంగా 1952లో ఖోస్లా కమిటీ నందికొండను సిఫారసు చేయడం, 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయడం, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలడం అందరికీ తెలిసిన చరిత్ర. అంతగా గుర్తుచేసుకోని సంగతి ఏమిటంటే, నీరు వదిలిన రోజుతో ఆ పని ముగియలేదు. 26 క్రెస్ట్ గేట్ల అమరిక 1974కు గాని పూర్తికాలేదు, విద్యుత్కేంద్రంలోని యూనిట్లు 1978 నుంచి 1985 వరకు ఒక్కొక్కటిగా పనిలోకి వచ్చాయి. అంటే ఒక మహానిర్మాణం, నిర్మాణమన్న దశలోంచి నిర్వహణ అన్న దశలోకి సుమారు ఇరవై ఏళ్లపాటు మెల్లమెల్లగా దిగింది. రాతికట్టడపు ఆనకట్టలలో ప్రపంచంలోనే పెద్దదిగా పేరుపొందిన ఈ కట్టడం యంత్రాలకంటే మనుషుల చేతులమీదనే ఎక్కువగా లేచింది. రాయి కొట్టినవారు, మోసినవారు, సున్నమూ సిమెంటూ కలిపినవారు తెలుగు జిల్లాలన్నిటి నుంచి వచ్చినా, దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా కనిపించే పాలమూరు కూలీలు ఇక్కడ కూడా గుంపు మేస్త్రీల వెంట వచ్చి పనిచేశారు.

పని ముగిసే తీరు అందరికీ ఒకటిగా ఉండలేదు. ఇంజినీర్లకూ, రెగ్యులర్ సిబ్బందికీ బదిలీ ఉత్తర్వులు వచ్చేవి. శ్రీశైలం వంటి తరువాతి ప్రాజెక్టులు వారిని పిలుచుకున్నాయి. ఆ తరువాతి వరుసలో వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగులు ఉండేవారు. వర్క్‌చార్జ్‌డ్ అంటే జీతం శాఖ జీతాల పద్దులో కాక, ఆ నిర్మాణపు ఖర్చులోనే వేసి ఇచ్చే ఉద్యోగం. నిర్మాణం అయిపోతే సూత్రప్రకారం ఉద్యోగమూ అయిపోతుంది. ఎన్నో అర్జీల తరువాత, ఎన్నో ఏళ్ల సర్వీసు చూపించిన తరువాత వారిలో అనేకులు క్రమబద్ధీకరణ పొంది, గేట్ల దగ్గర, పంపుల దగ్గర, కాలనీ నీటిసరఫరాలో, కాలువల మీద నిలదొక్కుకున్నారు. అన్నిటికంటే కింది వరుసలో ఉన్న పాలమూరు కూలీకి విరమణ అన్న ఊసే లేదు. ఒక ఆనకట్ట ముగిస్తే మరో ఆనకట్ట, నడుము లేవని రోజున సొంత ఊరు. పని క్రమంగా తగ్గే సౌకర్యం జీతపు స్థాయిని బట్టి దొరుకుతుందన్న సత్యం నందికొండలో ఆనాడే కనిపించింది, ఈనాటికీ అది మారలేదు. పెద్ద పదవులలో విరమించినవారికి సలహాదారులనీ, ఆఫీసర్ ఆన్ స్పెషల్ డ్యూటీ అనీ పేరుపెట్టి ఒకటి రెండేళ్లు అదే భవనంలో గది చూపించడం సచివాలయంలో పరిపాటి. అది దశలవారీ విరమణ కాక మరేమిటి? అదే వెసులుబాటు కాలువ మీది లష్కరుకు ఇవ్వాలంటే మాత్రం నిబంధన ఏదని అడుగుతారు.

లష్కరు అంటే కాలువమీద కొంత దూరానికి కాపలాదారుగా, తూముల షట్టర్లు ఎత్తి దించేవాడుగా, నీటిమట్టం చూసి పైవారికి చెప్పేవాడుగా ఉండే కిందిస్థాయి ఉద్యోగి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాలలో ఆరు లక్షల ఎకరాలకు పైగా భూమికి నీరందించవలసిన సాగర్ ఎడమకాలువ, పటాల మీద ఇంజినీరుకు ఎంత తెలుసో, కట్టమీద లష్కరుకు అంతకంటే కొంత ఎక్కువే తెలుసు. ఏ తూము షట్టరు సగం దాకా వచ్చి ఇరుక్కుంటుందో, వారబందీ నడిచేటప్పుడు, అనగా నీటిని వంతులవారీగా కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు ఆపేటప్పుడు, ఏ ఊరివారు రాత్రిపూట గండి పెడతారో, ఎక్కడ ఎలుకబొరియలోంచి వచ్చిన తేమ ఏ సంవత్సరంలో ఎంత మేర పాకిందో అతనికి కంఠస్థం. చివరి భూములకు నీరు చేరడమన్నది ఈ కంఠస్థ విద్య మీదనే చాలా వరకు ఆధారపడి ఉంది. నీటిపారుదల శాఖలో దశాబ్దాలపాటు కిందిస్థాయి నియామకాలు పలుచబడిన ఫలితంగా, ఒక లష్కరు వెళ్లిపోతే అతని మైళ్లు పక్క లష్కరు మైళ్లలో కలవడం, ఆయనా వెళ్లిపోతే ఒప్పందపు మనిషి రావడం మామూలయింది. వచ్చినవాడికి చెప్పవలసినవాడు అప్పటికే ఇంట్లో ఉంటాడు. 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలంలోనూ, 2024 సెప్టెంబరు మొదటి భారీ వర్షాలలో నడిగూడెం ప్రాంతంలోనూ ఎడమకాలువకు గండ్లు పడ్డాయి. గండికి కారణాలు అనేకం, వాటిని మనుషుల కొరత మీదికి నెట్టడం న్యాయం కాదు. అయినా కట్టను ముందుగా చదవగల కన్ను ఎంత విలువైనదో అలాంటి ప్రతి వానాకాలమూ చెబుతూనే ఉంటుంది.

ఆనకట్టమీద కూడా పరిస్థితి ఇదే. 2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన మహావరదలో, కర్నూలు నగరం మునిగిన ఆ రోజులలో, శ్రీశైలం నుంచి వచ్చిపడుతున్న నీటిని చూస్తూ గేట్లు నడిపిన సిబ్బందిలో అప్పటికి నలభై అయిదేళ్లు దాటినవారందరూ ఇప్పుడు విరమణ గీత దగ్గరో దాని అవతలో ఉన్నారు. జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులన్నది పుస్తకంలో ఉంటుంది. ఆ మట్టానికి చేరువవుతున్నప్పుడు ఏ గేటు ఎలా స్పందిస్తుందన్నది పుస్తకంలో అంత వివరంగా ఉండదు. అటువంటి జ్ఞానాన్ని చివరి వారంలో చార్జ్ లిస్టు మీద సంతకంతో ఇచ్చి పుచ్చుకోవడం కుదరదు. కనీసం ఒక వరదకాలం, ఒక ఖరీఫు, ఒక రబీ పాతవాడూ కొత్తవాడూ కలిసి చూడాలి.

ఇతర దేశాలు ఈ విషయంలో చేసిన ప్రయోగాలలో విజయాలకంటే వైఫల్యాలే ఎక్కువ నేర్పుతాయి. స్వీడన్ 1976లో పాక్షిక పింఛను ప్రవేశపెట్టి, 60 నుంచి 65 మధ్య వయస్సు వారు పనిగంటలు తగ్గించుకుంటే కోల్పోయిన జీతంలో 65 శాతం ఇచ్చినంతకాలం జనం ఉత్సాహంగా చేరారు. 1980ల తొలినాళ్లలో ఆ పరిహారాన్ని 50 శాతానికి తగ్గించగానే కొత్తగా చేరేవారు పలుచబడ్డారు. జర్మనీలో 1996 నాటి చట్టం వృద్ధ ఉద్యోగులకు సగం పనికాలాన్ని అనుమతిస్తూ, ఆ సగాన్ని ఎలా పంచుకోవాలో యజమానికీ ఉద్యోగికీ వదిలిపెట్టింది. చట్టం చేసినవారు వారానికి రెండున్నర రోజుల పనిని ఊహించి ఉంటారు. ఆచరణలో అత్యధికులు మొదటి సగం కాలమంతా పూర్తిగా పనిచేసి రెండో సగం కాలమంతా పూర్తిగా ఇంట్లో ఉండే పద్ధతిని ఎన్నుకున్నారు. అంటే మెల్లగా దిగడానికి కట్టిన మెట్లను కొంచెం ముందుగా దూకడానికి వాడుకున్నారు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2012 నాటి చట్టంతో, సగం రోజులు పని, సగం జీతం, సగం పింఛను అన్న ఏర్పాటు చేసి, 2014 నవంబరు నుంచి అమలుకు తెచ్చింది. పనిచేసే సమయంలో అయిదో వంతును కొత్తవారికి నేర్పడానికి కేటాయించాలన్న నియమం అందులో ఉంది. చేరినవారు చాలా కొద్దిమందే అయినా, అప్పగింతను చట్టంలోకి ఎక్కించిన అరుదైన ఉదాహరణ అది. జపాన్ మరో దారి పట్టింది: 60 ఏళ్లకు ఉద్యోగం ముగించి, తక్కువ జీతం మీద 65 దాకా అదే సంస్థ తిరిగి పనిలోకి తీసుకోవడం అక్కడ నిబంధనగా స్థిరపడింది, 2021 నుంచి 70 ఏళ్ల దాకా అవకాశాలు కల్పించేందుకు ప్రయత్నించాలని సంస్థల మీద బాధ్యత పెట్టారు. నిన్న తాను అధికారిగా ఉన్న విభాగంలోనే నేడు కింద పనిచేయవలసి రావడం అక్కడివారికి ఎంత కష్టంగా ఉందో, ఇక్కడివారికి అంతకు తక్కువ ఉండదు.

విచిత్రమేమిటంటే, గడియారంతో నడవని పనులలో క్రమవిరమణ నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో ఎప్పటినుంచో ఉన్నదే. పుట్టపాక, గట్టుప్పల్, కొయ్యలగూడెం వంటి చేనేత గ్రామాలలో మగ్గంమీద కూర్చొని కాళ్లతో తొక్కుతూ నేయడం ఒంట్లో సత్తువ ఉన్నవారి పని. మోకాళ్లు పట్టేసినవారు చిటికి కట్టడానికి, అనగా రంగు పట్టకూడని చోట నూలును ముడివేసి కట్టే పనికి మారతారు. కంటిచూపు తగ్గినవారు కండెలు చుడతారు. ఆ పాటి ఓపిక కూడా లేనివారు కుర్రవాళ్లు వేసిన చిటికిని చూసి డిజైను ఎక్కడ తప్పిందో చెబుతారు. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా కూలి తగ్గుతుంది గాని, ఏ మెట్టు మీదా మనిషి పనికిరానివాడు కాడు. అయితే దీన్ని చూసి మురిసిపోవడమూ సరికాదు. ఆసు పోయడం, అనగా నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేయడం, ఇదే వరుసలో ఆడవారికి వచ్చిన పని. ఒక్కో చీరకు వేలసార్లు చేయి పైకీ కిందికీ కదలవలసిన ఆ పనిలో భుజాలు అరిగిపోతున్న తల్లిని చూసి, ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసుయంత్రాన్ని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ పొందారు. ఇంట్లో కూర్చొని చేసే తేలికపనిగా పేరుపడినది నిజంగా తేలికైనదా కాదా అన్నది ఆ చేతులను అడిగితే తెలుస్తుంది.

గీతకార్మికుల విషయంలో మెట్లు అంత సాఫీగా ఉండవు, తాటిచెట్టు సగం దాకా ఎక్కడమన్నది లేదు గనుక. రాష్ట్ర ప్రభుత్వం 2014 నవంబరులో మొదలుపెట్టిన ఆసరా పింఛన్లలో గీతకార్మికులకు, నేతకార్మికులకు 50 ఏళ్లనే అర్హతగా పెట్టి, సాధారణ వృద్ధులకు మొదట 65, తరువాత 57 పెట్టడంలో, అన్ని దేహాలూ ఒకే వయసులో అలసిపోవన్న గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు ప్రభుత్వం తన సొంత ఉద్యోగుల విషయంలో చూపలేదు, లష్కరుకూ గుమాస్తాకూ వయస్సు ఒకటే. రైతు పరిస్థితి మరీ చిక్కైనది. నాగలి వదిలి నీళ్లు పెట్టడం, నీళ్లు వదిలి పశువుల వెంట తిరగడం, చివరికి కల్లం దగ్గర కాపలా పడుకోవడం అన్న క్రమం ఎవుసంలో పాతకాలం నుంచి ఉన్నా, భూమి పట్టా మాత్రం తండ్రి పేరునే చివరిదాకా ఉంటుంది. 2018లో వచ్చిన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకే వర్తించడం వల్ల, ఆ వయస్సు దాటిన తండ్రి పేర భూమి ఉంచాలా, దుక్కి దున్నుతున్న కొడుకు పేరకు మార్చాలా అన్న చర్చ ఇళ్లలో మొదలవుతుంది. పట్టా ఇచ్చేస్తే అన్నం పెడతారా అన్న సందేహం పైకి అనని తండ్రులు తక్కువ, లోపల లేని తండ్రులు ఇంకా తక్కువ.

ప్రస్తుత నిబంధనలు క్రమవిరమణకు సాయపడకపోగా, కొన్ని చోట్ల దానికి ఎదురు నడుస్తున్నాయి. ఆర్జిత సెలవులు 300 రోజుల వరకు కూడబెట్టి విరమణ రోజున నగదుగా మార్చుకోవచ్చునన్న సౌకర్యం ఉద్యోగికి మేలైనదే. అయితే దాని ప్రభావం వల్ల చివరి అయిదారేళ్లలో, దేహం విశ్రాంతి కోరే సమయంలోనే, మనిషి సెలవు పెట్టడం మానేస్తాడు. విరమణకు ముందు సెలవు అనే పేరుతో చివరి నెలలను ఇంటి దగ్గర గడిపి మెల్లగా అలవాటుపడే పాత పద్ధతి ఈ లెక్కల ముందు నిలవలేకపోయింది. ఇరవై ఏళ్ల సర్వీసు నిండినవారు స్వచ్ఛంద విరమణ కోరవచ్చు, కాని అది కూడా పూర్తిగా మానడమే. పాత పింఛను విధానంలో ఉన్నవారు పింఛనులో 40 శాతం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, అనగా ఆ భాగానికి బదులుగా ఒకేసారి సొమ్ము తీసుకొని, పదిహేనేళ్లపాటు తగ్గిన పింఛను పొందవచ్చు. గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము, కమ్యుటేషన్ అన్నీ ఒకే నెలలో చేతికి రావాలన్నది ఏర్పాటు. 2024 తరువాత విరమించినవారికి ఆ సొమ్ములు సకాలంలో అందడం లేదని ఉద్యోగసంఘాలు ఆందోళనకు దిగిన సంగతి పత్రికలు చదివేవారికి తెలిసినదే. ఒకే రోజున ఆదాయం సగమై, రావలసిన పెద్ద మొత్తం చేతికి రాకపోతే, మెట్టు కాస్తా గొయ్యి అవుతుంది. 2004 సెప్టెంబరు నుంచి చేరి భాగస్వామ్య పింఛను పథకంలో ఉన్నవారికి ఆ సగం మీద కూడా హామీ లేదు.

మిర్యాలగూడ బియ్యం మిల్లులలో, వాడపల్లి పరిసరాల సిమెంటు కర్మాగారాలలో భవిష్యనిధి ఉన్నవారికి 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం వర్తిస్తుంది. పదేళ్ల సర్వీసు ఉన్నవారికి 58 ఏళ్లకు పింఛను. ఉద్యోగం మానినవారు 50 దాటిన తరువాత ముందుగానే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత, 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెంపు. ముందు తీసుకోవాలంటే ఉద్యోగం పూర్తిగా మానవలసిందే గనుక, సగం పనీ సగం పింఛనూ అన్న ఏర్పాటుకు ఇక్కడా చోటు లేదు. కనీస పింఛను 2014 నుంచి నెలకు 1,000 రూపాయల దగ్గరే ఆగి ఉన్నందువల్ల, మిల్లులో హమాలీ పని వదిలినవాడు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోవడం అతని ఇష్టానికి సంబంధించినది కాదు.

విరమణ తరువాత పని చేయదలచుకున్నవారి సంగతి వేరు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య బొంబాయి ప్రభుత్వ సేవ నుంచి ముందుగానే తప్పుకున్న తరువాతనే, 1908 మూసీ వరద మీద సలహా కోసం నిజాం ప్రభుత్వం ఆయనను పిలిచింది; హైదరాబాదు నగరానికి ఆయన చేసిన మేలంతా ఆ తరువాతిదే. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పుట్టి కేంద్ర జలసంఘంలో చీఫ్ ఇంజినీరుగా పదవీ విరమణ చేసిన ఆర్. విద్యాసాగర్ రావు, కృష్ణా గోదావరి జలాలలో తెలంగాణ వాటా గురించి ఊరూరా సామాన్యులకు అర్థమయ్యే మాటలలో చెప్పడం, రాష్ట్రం వచ్చాక నీటిపారుదల సలహాదారుగా 2017లో మరణించేదాకా పనిచేయడం, ఉద్యోగంలో ఉండగా చేయలేని పనులు. అటువంటి ప్రజ్ఞ ఉన్నవారికి రెండో జీవితం దానంతట అదే దొరుకుతుంది. వారిని చూపించి అందరికీ విరమణ సుఖమేనని చెప్పడం మాత్రం పొరపాటు.

నందికొండలో విరమణ ప్రశ్నకు ఇంటి సమస్య కూడా తోడయింది. హిల్ కాలనీ, పైలాన్ కాలనీలు ప్రాజెక్టు సిబ్బంది కోసం కట్టినవి. ఉద్యోగం పోతే క్వార్టరు ఖాళీ చేయాలన్నది నియమం. ఆనకట్ట పనికి వచ్చిన తండ్రులకు ఏదో ఒక సొంత ఊరు ఉండేది, ఇక్కడే పుట్టి కమలా నెహ్రూ ఆసుపత్రిలో మందులు తీసుకొని, ఇక్కడి బడిలో చదివి, ఇక్కడే ఉద్యోగం చేసినవారికి ఊరంటే ఈ కాలనీయే. 2018లో నందికొండ పురపాలక సంఘమైన తరువాత కూడా, క్వార్టర్లలో ఉంటున్నవారికి హక్కులెలాగన్న మాట ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తూనే ఉంది. గంటలు తగ్గినంత మాత్రాన విరమణ క్రమంగా జరిగినట్లు కాదు. కుర్చీతోపాటు కప్పు కూడా అదే నెలలో పోయే మనిషికి, క్రమం అన్న మాట క్వార్టరు నుంచే మొదలుకావాలి. ఇంట్లో ఆడవారి లెక్క ఈ లెక్కలలో దేనిలోకీ రాదు. భర్త విరమించిన నాటి నుంచి పదకొండు గంటల టీ, మధ్యాహ్నం వేడి అన్నం అదనంగా చేరి ఆమె పనిగంటలు పెరుగుతాయి. ఆమె కూడా ఉద్యోగి అయితే, ఆఫీసు పని ఆగిన రోజు నుంచి మనుమల పని పూర్తికాలమవుతుంది.

ఇంతకూ నీటిపారుదల శాఖ వరకు చేయదగినది పెద్ద చట్టమేమీ కాదు. ఒక పోస్టులో ఉన్నవాడు వెళ్లిపోయాక గాని ఖాళీ ఏర్పడదు, ఖాళీ ఏర్పడ్డాక గాని కొత్తవాడు రాడన్నది ఇప్పటి పద్ధతి. సూపర్‌న్యూమరరీ పోస్టు, అనగా ఒక వ్యక్తిని నిలుపుకోవడానికి తాత్కాలికంగా సృష్టించి అతనితోనే ముగిసిపోయే అదనపు పోస్టు, ప్రభుత్వ నిబంధనలలో ఎప్పటినుంచో ఉంది. పదోన్నతుల చిక్కులు తీర్చడానికి, న్యాయస్థానాల తీర్పులు అమలుచేయడానికి దాన్ని వాడుతూనే ఉన్నారు. విరమణకు ఏడాది దూరంలో ఉన్న గేటు ఆపరేటరునో, లష్కరునో అటువంటి పోస్టులోకి మార్చి, అతని అసలు పోస్టును ముందుగానే ఖాళీగా చూపితే, కొత్తగా నియమితుడైన యువకుడు ఒక వరదకాలం ముందే కట్ట ఎక్కుతాడు, పాతవాడు బరువైన పని వదిలి చూపించే పనిలో ఉంటాడు. ఖర్చు ఒక మనిషి ఏడాది జీతం. యువకుడి ఉద్యోగం దీనివల్ల వెనక్కి పోదు, ఏడాది ముందుకు వస్తుంది. ఆ ఏడాదిలో పాతవాడు వారానికి మూడు రోజులు రావాలా, ఖరీఫుకు నీళ్లు వదిలే నెలల్లోనే రావాలా అన్నది ఆ డివిజన్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు తేల్చుకోగల సంగతి.